ఇస్తాంబుల్‌లో నాట్లు... ఇంట్లో ఎదురుచూపులు

హగియా సోఫియా ముందు నిలబడి ఫొటోలు దిగేవాళ్లలో కొందరిని చూస్తే కొత్తవాళ్లు కాస్త ఉలిక్కిపడతారు. నుదుటి చుట్టూ నల్లటి పట్టీ, తల వెనక తెల్లటి కట్టు, నున్నగా గీసిన మాడు మీద వరసగా ఎర్రటి చుక్కలు. ఏ ప్రమాదంలోనో దెబ్బలు తగిలాయా అంటే... అబ్బే, ఆ మొహాల్లో దిగులేమీ ఉండదు. పైగా నవ్వుతూ సెల్ఫీలు! ఇస్తాంబుల్ వాసులు మాత్రం వాళ్లను తల తిప్పి కూడా చూడరు. అది 'సాచ్ ఎకిమి' అని వాళ్లకు తెలుసు. టర్కీ భాషలో సాచ్ అంటే జుట్టు, ఎకిమ్ అంటే నాటడం, విత్తడం. అక్టోబరు నెలకూ అక్కడ ఎకిమ్ అనే పేరు. విత్తనాలు వేసే కాలం కదా మరి!

ప్రపంచంలో జుట్టు నాటించుకోవడానికి ఎక్కువమంది వెళ్లే నగరాల్లో ఇస్తాంబుల్‌దే పెద్ద పేరు. బ్రిటన్, జర్మనీ, స్పెయిన్, అరబ్ దేశాల నుంచి మగవాళ్లు విమానాలెక్కి వచ్చేస్తారు. సొంత దేశంలో అయ్యే ఖర్చులో కొంత మొత్తానికే ఇక్కడ శస్త్రచికిత్స, హోటల్ గది, కారు, దుబాసీ, చివరికి తల రుద్దుకునే షాంపూ సీసా కూడా ఒకే ప్యాకేజీలో వచ్చేస్తాయి.

ఆ ప్యాకేజీ సాధారణంగా మూడు రోజులు. మొదటిరోజు దిగడం, రక్తపరీక్షలు. ఆ తర్వాత నుదుటి మీద పెన్నుతో జుట్టు ఎక్కడి నుంచి మొదలవ్వాలో గీత గీస్తారు. రెండోరోజు అసలు పని. మత్తు తలకు మాత్రమే కాబట్టి మెలకువగానే ఉంటారు. తల వెనక, పక్కల ఉన్న కుదుళ్లను ఒక్కొక్కటిగా తీసి, ఖాళీ అయిన చోట సన్నటి గాట్లు పెట్టి నాటుతారు. ఒక్కో కుదురులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలుంటాయి. రెండు మూడు వేల కుదుళ్లంటే ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. మధ్యలో భోజన విరామం కూడా! మూడోరోజు కట్టు విప్పి, తల ఎలా కడుక్కోవాలో నేర్పి పంపేస్తారు.

మిగిలిన సాయంత్రం ఊరు చూడొచ్చు. గలాటా వంతెన మీద వరసగా గాలాలు వేసి నిలబడ్డ చేపల రాయుళ్లు, ఎమినోను రేవులో రొట్టె మధ్య పెట్టిచ్చే వేడి వేడి చేప, నడుము సన్నటి చిట్టి గ్లాసుల్లో టీ... అన్నీ అందుబాటులోనే. ఒక్క హమామ్ మాత్రం కుదరదు. 1584లో కట్టిన చెంబెర్లితాష్ స్నానశాల ఈ ఊరొచ్చిన ప్రతి ఒక్కరూ చూడాలనుకునేదే. కానీ ఆవిరి, వేడినీళ్లు, రుద్దుడు కొత్త కుదుళ్లకు పడవు. పాపం, ఇస్తాంబుల్ దాకా వచ్చి టర్కీ స్నానం చేయకుండా వెళ్లిపోయేవాళ్లు వీళ్లే!

మొలిచింది రాలిపోతుంది!

అసలు కథ ఇంటికి చేరాక మొదలవుతుంది. పది రోజులకు పొక్కులు రాలతాయి. రెండు మూడు వారాలకు నాటిన వెంట్రుకలూ రాలడం మొదలెడతాయి. దిండు మీద, తువ్వాలు మీద ఎక్కడ చూసినా అవే. రెండో నెలకు తల దాదాపు ఎప్పటిలాగే కనిపిస్తుంది. కొందరికి పక్కనున్న పాత జుట్టు కూడా పలచబడుతుంది. 'ఇంత పోసి చేయించుకుంది ఇందుకేనా' అని ఇంట్లోవాళ్లు అననే అంటారు.

తిరుమల వెళ్లి గుండు చేయించుకున్నవాళ్లకు వారం తిరిగేసరికి తల నల్లబడుతుంది. ఇక్కడెందుకు అలా కాదు? గుండులో తెగేది వెంట్రుక. కుదురు కదలదు, రక్తం అందుతూనే ఉంటుంది. నాటిన కుదురు సంగతి వేరు. దాన్ని పెకలించి, కొన్ని గంటలు రక్తం లేకుండా ఉంచి, కొత్త చోట గుచ్చుతారు. నారుమడిలోంచి తీసి నాటిన వరి కొన్నాళ్లు వాడి, వేరు పట్టాకే తేరుకుంటుంది కదా, అలాగే కుదురు కూడా పైనున్న వెంట్రుకను వదిలేసి నిద్రలోకి వెళ్తుంది. ఆ నిద్ర సుమారు మూడు నెలలు. మూడు నాలుగు నెలలకు నూగులాంటి సన్నటి వెంట్రుకలు కనిపిస్తాయి. నెలకు సెంటీమీటరు చొప్పున పెరిగితే ఆరో నెలకు సగం పంట. చిక్కదనం రావడానికి ఏడాది పడుతుంది. నడినెత్తి మరీ బద్ధకం... ఏడాదిన్నర కూడా పట్టొచ్చు. తల అంతా ఒకేసారి మొలవదు. ఒకవైపు ముందు, ఒకవైపు వెనక. అయిదో నెలలో పక్కవాడి ఫొటోతో పోల్చుకుని బెంగపడేవాళ్లలో చాలామందికి నిజానికి ఏ లోపమూ ఉండదు.

కొందరికి మాత్రం ఏడాది దాటినా పలచగానే ఉంటుంది. కారణాలు చాలావరకు ఆ రెండోరోజు గదిలోనే ఉంటాయి. తీసేటప్పుడు కుదురు తెగిపోవచ్చు. బయట ఎక్కువసేపు ఉండి ఎండిపోవచ్చు. మరీ దగ్గరదగ్గరగా గుచ్చితే అన్నింటికీ రక్తం అందకపోవచ్చు. పొగతాగడం, మధుమేహం అదుపులో లేకపోవడం కూడా దెబ్బతీస్తాయి. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. నాటినవి బాగానే మొలిచినా, వాటి మధ్యనున్న సొంత జుట్టు బట్టతల దారిలో పోతూనే ఉంటుంది. అందుకే మందుల గురించి డాక్టర్‌తో ముందే మాట్లాడుకోవాలి.

ఒకేరోజు అయిదు వేల కుదుళ్లు అని గొప్పలు చెప్పే ప్రకటనల దగ్గరే జాగ్రత్త అవసరం. తల వెనక ఉన్న నిల్వ తిరిగి పెరిగేది కాదు. అక్కడ ఎడాపెడా తీసేస్తే వెనకభాగం ఎలుకలు కొరికినట్టవుతుంది. రెండోసారి నాటుదామన్నా నారు ఉండదు. డాక్టర్ పేరు చెప్పి పనంతా టెక్నీషియన్లతో చేయించే చోట్ల గురించి జుట్టు శస్త్రచికిత్స వైద్యుల అంతర్జాతీయ సంఘం ఐఎస్‌హెచ్‌ఆర్‌ఎస్ కొన్నేళ్లుగా హెచ్చరిస్తూనే ఉంది. చెడిపోయిన నాట్లను సరిదిద్దడం కోసమే నవంబరు 11న ఓ రోజును కూడా కేటాయించింది.

ఈ బెడద ఇస్తాంబుల్‌ది మాత్రమే అనుకోనక్కర్లేదు. హైదరాబాద్‌లోనూ జుట్టు నాటే క్లినిక్‌లకు కొదవలేదు. శస్త్రచికిత్సలో శిక్షణ పొందిన వైద్యులే ఈ పని చేయాలని, వర్క్‌షాపులో, యూట్యూబ్‌లో చూసి నేర్చుకోవడం సరిపోదని మన జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టంగా చెప్పింది. మన ఊళ్లో అయితే ఆరో నెలలో ఆటో ఎక్కి వెళ్లి డాక్టర్‌ని అడగొచ్చు. ఇస్తాంబుల్‌లో చేయించుకున్నవారికి మాత్రం ఆ డాక్టర్ వేల కిలోమీటర్ల దూరంలో, ఫోన్‌లో మెసేజ్‌గా మిగులుతారు.

అందుకే తిరుగు ప్రయాణంలో పెట్టెలో టర్కిష్ డిలైట్ డబ్బా పక్కన ఓ కాగితం ఉండాలి. గాట్లు పెట్టింది ఎవరు, ఎన్ని కుదుళ్లు తీశారు, ఎన్ని ఎక్కడ నాటారు, ఏ మందులు వాడారు... అన్నీ రాసి, సంతకంతో. ఇంటికొచ్చాక నెలకో ఫొటో, ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో, తడిలేని జుట్టుతో తీసుకుంటే పెరుగుదల ఉందో లేదో కంటికి తెలుస్తుంది. మరోసారి నాటించుకునే మాట ఏడాది నిండాకే. నడినెత్తి అయితే ఇంకో ఆరు నెలలు ఆగాల్సిందే.