బొమ్మలు బడికి, పెద్దలు సూరత్‌కు

పెద్దలకు బొమ్మలాట మీద మోజు తీరిపోయిందన్నది అందరూ చెప్పే మాట. కానీ చూసే పెద్దలే ఊరొదిలి వలసపోయిన సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

బంగారక్క తెర మీదికి వచ్చిందంటే పిల్లల్ని పడుకోబెట్టే వేళయిందని అర్థం. రామాయణం ఒక ఘట్టం ముగిసి మరో ఘట్టం మొదలయ్యేలోపు ఆమెకూ మొగుడు జుట్టుపోలిగాడికీ తగువు మొదలవుతుంది. మధ్యలో కేతిగాడు దూరతాడు. తర్వాత ముగ్గురి మధ్య నడిచే సంభాషణను ఏ పాఠశాల వార్షికోత్సవంలోనూ వినిపించలేరు. ఊరి కరణం లెక్కలు, మునసబు పెత్తనం, షావుకారు వడ్డీ అన్నీ అందులోకి వచ్చేవి. మనిషి అంటే తన్నులు తినాల్సిన మాటను బొమ్మ ధైర్యంగా అనేది. ముసలమ్మలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు.

తెలుగునాట తోలుబొమ్మలాట పుట్టిపెరిగింది ఇలాగే. తెల్లవార్లూ సాగే ఆట, ద్విపదలో రంగనాథ రామాయణం, మృదంగం, హార్మోనియం, యుద్ధఘట్టం వస్తే చెక్కల మీద దబదబా అడుగుల చప్పుడు. పిల్లలు వచ్చేవారు, హనుమంతుణ్ని చూసి కేరింతలు కొట్టేవారు, సగం రాత్రికి నిద్రపోయేవారు. ఆట మాత్రం మేలుకుని ఉన్నవారి కోసమే నడిచేది. మరి అదే కళ పిల్లల వినోదం కింద ఎప్పుడు జమ అయింది? దశాబ్దాలుగా సాగుతున్న ఈ బొమ్మల మీద పెద్దలకు మోజు ఇంకా మిగిలి ఉందా? ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికి నిమ్మలకుంటకో అమ్మాపురానికో వెళ్లడం మామూలు. గుజరాత్‌లోని గోడాదరాకు వెళ్తే కథలో మిగతా సగం కనబడుతుంది.

గోడాదరా సూరత్ నగరానికి ఆగ్నేయంగా ఉంటుంది. లింబాయత్, పర్వత్ పాటియా, డిండోలి దాని ఇరుగుపొరుగు. పాత కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి మరమగ్గాల పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ ప్రాంతమంతటా స్థిరపడ్డాయి. చేనేత కూలిపోతున్న కొద్దీ కొందరు భివండీ వెళ్లారు, కొందరు షోలాపూర్ వెళ్లారు. మిగతావాళ్లు వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సూరత్‌లో దిగారు. 1994 ప్లేగు అప్పుడు ప్రాణభయంతో ఊళ్లకు పరుగెత్తి, భయం తగ్గాక మళ్లీ వచ్చారు. 2020 లాక్‌డౌన్‌లోనూ ఎందరో అదే పని చేశారు. ఇక్కడ బతుకమ్మ ఆడతారు, మార్కండేయుడిని ఊరేగిస్తారు. నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. కానీ ఈ వాడల్లో బొమ్మలాట మాత్రం లేదు.

అది ఉండాలని కోరుకునే ఒక పెద్దాయన ఉన్నారు. వయసు అరవై దాటింది. ముప్ఫై ఏళ్లకు పైగా మరమగ్గాల మీద పనిచేశారు. వాడలో అందరికీ ఆయన కాకా. తెలంగాణలో బాబాయిని పిలిచే ఆ మాటే గుజరాతీలోనూ బాబాయికి వాడతారు కాబట్టి ఇక్కడి కుర్రాళ్లకు ఏ భాషలో పిలుస్తున్నదీ ఆలోచించాల్సిన పని లేదు. మార్కండేయ ఉత్సవానికి డీజేకు పెట్టే డబ్బులో కొంత తీసి ఊరి నుంచి బొమ్మలాట బృందాన్ని పిలిపిద్దామని ఆయన కుల పెద్దల ముందు ప్రతిపాదించారు. వాళ్లు కాదనలేదు. "మంచిదే కాకా, పిల్లలకు బాగుంటది. పొద్దుగాల అర్ధగంట పెడదాం" అన్నారు.

ఆయనకు కోపం వచ్చింది. "గది పోరగాండ్ల ఆట గాదు. మా నాయిన మగ్గం దిగొచ్చి ముంగట కూసునేటోడు. నిద్రవోతే బొమ్మ పేరు పెట్టి తిట్టేది" అంటారాయన. రాత్రి తొమ్మిదింటికి పెడితే పెట్టండి, లేదంటే వద్దేవద్దని తేల్చేశారు. విషయం అక్కడే ఆగిపోయింది.

పైకి ఇది వేళ గురించిన తగువులాగే ఉంటుంది. పెద్దాయన అడుగుతున్నది వేరు. తన తరం మనుషులు నడివయసులో కూర్చుని చూసిన దాన్ని మనవల తరానికి బొమ్మల బజారు సరుకులా చూపించవద్దంటున్నారు.

ఆయన చిన్నతనంలో బొమ్మలు, పటాలు ఊరికే ఊళ్లోకి వచ్చేవి కావు. తెలంగాణలో ఒక్కో కులానికి ఒక్కో కథకుల కుటుంబం ఉండేది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు కూనపులివారు. చేర్యాల నకాశీ కళాకారులు గీసిన పటం విప్పి కథ నడిపేవారు. చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించిన గుడ్డ మీద ఒకదాని కింద ఒకటిగా బొమ్మలుండే ఆ పటం చాపితే కొన్ని పదుల అడుగులు ఉంటుంది. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందెచ్చులవారు పటానికి బదులు తేలిక కర్రతో చేసి రంగులద్దిన బొమ్మలను వరుసగా నిలబెట్టి, ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుంటూ చెప్పేవారు. పాత వరంగల్ జిల్లా అమ్మాపురంలో మోతె జగన్నాథం కుటుంబం పట్టుకొచ్చిన కొయ్యబొమ్మలాట ఇదే నేల మీదిది. కొయ్యబొమ్మలకు దారాలు కట్టి ఆడిస్తారు.

ఈ కథకులకు టికెట్టు లేదు. ఏ ఊళ్లు ఏ కుటుంబానికి చెందాలో వాళ్లలో వాళ్లు పంచుకునేవారు. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టే ఊళ్లనూ పంచుకునేవారు. ఏటా వచ్చి కథ చెబితే కులం వాళ్లు ధాన్యమో, బట్టో, రొక్కమో ఇవ్వాలి. అది దానం కాదు, హక్కు. కథలో ఆ కులం పుట్టుక, గొప్పతనం ఉంటాయి. డబ్బు ఇచ్చేది ఇంటి పెద్ద. కాబట్టి కథ కూడా ఇంటి పెద్దకు నచ్చేలా ఉండాలి. ఎగ్గొడితే మరుసటేడు అతనికి పదిమందిలో చురక తగలవచ్చు.

చేనేత చితికి ఇంటి పెద్దలు సూరత్, భివండీ వెళ్లాక ఈ ఒప్పందం తెగిపోయింది. కథకుడు ఊరికి వస్తే ఇళ్లకు తాళాలు, అరుగుల మీద ముసలివాళ్లు. రోజుకు 12 గంటల షిఫ్టు నడిచే సూరత్‌కు వెతుక్కుంటూ వచ్చినా వినే తీరిక ఎవరికుంది? మీటరు లెక్కన కూలి లెక్కగట్టే చోట తెల్లవార్లూ కథ వినడమంటే మర్నాటి సంపాదన పోగొట్టుకోవడమే. సినిమా వచ్చి బొమ్మలాటను చంపిందన్న మాటలో నిజం ఉంది. కానీ సినిమా ఆంధ్రకూ తెలంగాణకూ ఒకేసారి వచ్చింది, ఆ తర్వాత కూడా బొమ్మలు దశాబ్దాల పాటు ఆడాయి. అవి నిలదొక్కుకోలేకపోయింది పోషించే కులం ఊరొదిలాకనే.

పెద్దలు లేకపోతే కళ కొత్త యజమానిని వెతుక్కోవాలి. దొరికిన యజమాని ప్రభుత్వం. కుటుంబ నియంత్రణ, అక్షరాస్యత, ఎయిడ్స్ నివారణ ప్రచారానికి బొమ్మల్ని వాడారు. ఆ తర్వాత బడులు, ఉత్సవాలు, శిల్పారామాలు. ఈ వేదికలన్నిటికీ ఒక షరతు ఉంది. ఆట అరగంటలో ముగియాలి, అందులో ఎవరూ నొచ్చుకునే మాట ఉండకూడదు. మొదట కోత పడింది బంగారక్క మీదే. రాముడు, హనుమంతుడు మిగిలారు. ఎగతాళి లేని బొమ్మలాటను పెద్దలు చూడకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

మరోవైపు బొమ్మ గోడకెక్కింది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలును పారదర్శకంగా అయ్యేలా గీకి, నగల చోట చిన్నచిన్న రంధ్రాలు తొలిచి, రంగులద్ది బొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఆంధ్ర తోలుబొమ్మలు దేశంలోకెల్లా పెద్దవి, కొన్ని మనిషి ఎత్తును మించుతాయి. అదే తోలుతో, అదే పనితనంతో ఇప్పుడు దీపాల బుట్టలు, గోడ అలంకారాలు తయారవుతున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. చేతిపని బతికింది, సంతోషించాల్సిందే. కానీ ఒకప్పుడు దీపం ముందు ఆడిన బొమ్మ ఇప్పుడు కదలకుండా దీపం చుట్టూ నిలబడింది. కొనేది పెద్దలే. వాళ్లు దాన్ని చూస్తారు గానీ దాని మాట వినరు.

పెద్దలకు బొమ్మలంటే విసుగు పుట్టిందనడానికి బయటి ప్రపంచంలో ఆధారాలు తక్కువ. అమెరికాలో జిమ్ హెన్సన్ తన మప్పెట్లు పిల్లలకే పరిమితం కావని నిరూపించడానికి చాలా తంటాలు పడ్డారు. 1976లో మొదలైన 'మప్పెట్ షో'ను ఇంటిల్లిపాదీ చూశారు. బ్రిటన్‌లో 1984 నుంచి 1996 దాకా 'స్పిటింగ్ ఇమేజ్' రబ్బరు బొమ్మలు మార్గరెట్ థాచర్‌ను ఉతికి ఆరేశాయి. ఫ్రాన్స్‌లో 'గిన్యోల్' బొమ్మలు 1988 నుంచి మూడు దశాబ్దాల పాటు వార్తల్ని ఎగతాళి చేశాయి. ఇండొనేసియాలో వయాంగ్ తోలుబొమ్మలాట ఇప్పటికీ రాత్రంతా సాగుతుంది. అక్కడా మహాభారతం మధ్యలో విదూషకులు వచ్చి ఊరి సంగతులు మాట్లాడతారు. మన దగ్గర 2003లో మొదలైన ఎన్‌డీటీవీ ఇండియాలో 'గుస్తాఖీ మాఫ్' బొమ్మలు ప్రధానులను, ముఖ్యమంత్రులను ఏళ్ల తరబడి వెక్కిరించాయి. ఓటు హక్కున్నవాళ్లే చూశారు.

అంతదూరం కూడా పోనక్కర్లేదు. గోడాదరాలో తెలుగు కుటుంబాల పక్కింట్లో ఉండేది మరాఠీ కుటుంబం కావచ్చు. వాళ్లకు 'ఝపాట్‌లేలా' సినిమాలోని తాత్యా వించూ తెలియకపోవడం అరుదు. 1993లో వచ్చిన ఆ దయ్యం బొమ్మను తయారుచేసిన రామదాస్ పాధ్యే దగ్గర అంతకన్నా పాత బొమ్మ ఒకటుంది. పేరు అర్ధవట్‌రావ్. రామదాస్ తండ్రి వై.కె. పాధ్యే 1916లో దాన్ని జనం ముందుకు తెచ్చారు. వందేళ్లు దాటినా దానికి పెళ్లాం మీద ఫిర్యాదులు తగ్గలేదు, వినేవాళ్లూ తగ్గలేదు. లిజ్జత్ అప్పడాల ప్రకటనలో కుందేలు కూడా రామదాస్ చేతి బొమ్మే. మరాఠీ మధ్యతరగతి తన బొమ్మను నాటకశాలకు, సినిమాకు, టీవీకి వెంట తీసుకెళ్లింది. తెలుగు నేతపనివాళ్లు రైలెక్కేటప్పుడు తమ బొమ్మలను వెంట తీసుకెళ్లలేకపోయారు. రెండు కళల మధ్య తేడా ఆడించేవారి చేతుల్లో లేదు, చూసేవారి జేబులో ఉంది.

అలాగని పెద్దాయన కోరిక నెరవేరగానే గోడాదరాలో వందలమంది రాత్రంతా కూర్చుంటారనుకోవడం భ్రమ. ఆయన కోడలి అభ్యంతరం తేలిగ్గా తీసేయదగ్గది కాదు. పగలంతా ఇంటి పని, చీరలకు రాళ్లు అంటించే పని చేసిన ఆడమనిషి రాత్రి వచ్చి, బంగారక్క మొగుడితో తన్నులు తింటుంటే ఎందుకు నవ్వాలి అని ఆమె అడుగుతారు. పాత హాస్యంలో సగం ఆడవాళ్ల మీదే విసిరినదన్నది నిజం. దాన్ని ఉన్నది ఉన్నట్టు తెచ్చి పెడితే చూసేవారిలో సగం మంది మొహం తిప్పుకుంటారు. భాష మరో చిక్కు. సూరత్‌లో పుట్టిన కుర్రాడు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, దుకాణంలో గుజరాతీ మాట్లాడతాడు. ద్విపద పద్యం వింటే వాడికి పాటగా నచ్చుతుందేమో గానీ అర్థం తెలియదు.

భాష చిక్కుకు జవాబు బొమ్మలాట చరిత్రలోనే ఉంది. ఆంధ్రలో తోలుబొమ్మలాడించే కుటుంబాల్లో చాలామంది ఆరె వారు. తరాల కిందట మరాఠీ నేల నుంచి వలసవచ్చారు. ఇప్పటికీ ఇంట్లో ఒక రకం మరాఠీ మాట్లాడతారు, తెర మీద మాత్రం తెలుగు ద్విపద పలికించారు. అంటే తెలుగువారి సొంతమనుకునే ఈ ఆటను నిలిపినవాళ్లే వలసజీవులు. వాళ్లు వచ్చిన చోటి భాష నేర్చుకున్నారు, అక్కడి కరణాన్నీ మునసబునూ వెక్కిరించారు, అక్కడి పెద్దలను నవ్వించి బతికారు. ఆ లెక్కన సూరత్‌లో ఆడే కేతిగాడు తెలుగులో హిందీ, గుజరాతీ కలిపి మాట్లాడినా సంప్రదాయం చెడదు. బంగారక్క ఈసారి తిరిగి కొట్టినా చెడదు.

మాట్లాడటానికి సంగతులకు కొదవలేదు. మీటరుకు పైసలు పెంచమంటే మొహం చాటేసే సేఠ్, రాత్రి షిఫ్టులో మగ్గాల మోత మధ్య సైగలతో సాగే కబుర్లు, దసరాకు ఊరెళ్లాలంటే దొరకని రైలు టికెట్టు, ఓటు ఊళ్లోనా ఇక్కడా అన్న మీమాంస, ప్రతి ఎన్నికకూ తెలుగులో నమస్కారం పెట్టి మాయమయ్యే నాయకుడు. ఇవన్నీ గోడాదరాలో రోజూ నడిచే మాటలే. పదిమందిలో వీటిని పైకి అనగలిగిన మనిషి లేడు, అంటే పని పోవచ్చు. సరిగ్గా ఇలాంటి చోట్లే బొమ్మ అవసరం పడుతుంది.

కాబట్టి పెద్దలకు బొమ్మలాట ఇంకా నచ్చుతుందా అన్న ప్రశ్నను కొంచెం సవరించాలి. తమ బతుకు గురించి మాట్లాడని బొమ్మ పెద్దలకు ఎప్పుడూ నచ్చలేదు. మాట్లాడే బొమ్మకు ముంబైలోనూ, పారిస్‌లోనూ, జావాలోనూ పెద్దలు దొరుకుతూనే ఉన్నారు. గోడాదరాలో దొరకరనడానికి కారణం కనబడదు. కాకపోతే రాత్రంతా కాకుండా రెండు గంటలు, అదీ సెలవు రోజున, షిఫ్టు దిగినవారు స్నానం చేసి అన్నం తిని వచ్చే వేళకు. ఉత్సవం ఖర్చులో డీజేకు పోయేదాంట్లో కొంత వాటా చాలు. కులపెద్దలు ఒప్పుకోవాల్సింది ఇంకొకటి ఉంది. బొమ్మ నోరు విప్పితే మొదటి చురక తగిలేది వాళ్లకే. పొద్దున పిల్లలకు అరగంట అన్న బేరం వెనక ఉన్నది ఆ జంకేనేమో.