గోలు ముందు నిలబడ్డవాడు

గోలు కొట్టినవాణ్ని భుజాల మీద ఎత్తుకుంటారు. గోలు ఆపినవాణ్ని వీపు తట్టి వదిలేస్తారు. ఆపలేకపోయినవాణ్ని మాత్రం ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు. ఏ ఆటలోనైనా గోల్‌కీపర్ బతుకు ఇంతే. మరి అలాంటివాళ్లలో అందరికన్నా గొప్పవాడెవరు?

ఈ ప్రశ్న పోయిన సంక్రాంతి సెలవుల్లో అరకులోయలోని ఓ పెంకుటింటి వాకిట్లో పుట్టింది.

ఆ ఇంటాయన రిటైరైన వ్యాయామోపాధ్యాయుడు. మన్యంలోని గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో ముప్ఫయ్యేళ్లు పిల్లల్ని పరుగులు పెట్టించారు. కొడుకు పాతికేళ్ల కిందట కెనడా వెళ్లి ఇంజినీరుగా స్థిరపడ్డాడు. ఈసారి పండక్కి భార్యనీ, పన్నెండేళ్ల కొడుకునీ వెంటబెట్టుకుని వచ్చాడు. విశాఖలో కిరండోల్ రైలెక్కినప్పటినుంచీ సొరంగాలు లెక్కపెడుతూ కూర్చున్న పిల్లాడు, బొర్రా దాటేసరికి లెక్క తప్పాడట. ఇంటికొచ్చాక ఆ దిగులే మొదట చెప్పాడు.

''అక్కడ ఏం ఆడతావు నాన్నా?'' అని అడిగింది నాయనమ్మ.

''ఐస్ హాకీ. నేను గోలీని.''

నాయనమ్మ ముఖం వెలిగిపోయింది. లోపలికి వెళ్లి అటక మీంచి ఓ పాత డబ్బా తీసుకొచ్చి వాడి చేతిలో పెట్టింది. మూత తీస్తే రంగురంగుల గోళీలు! మీ నాన్న చిన్నప్పుడు ఆడుకున్నవేనంది. కెనడాలో గోల్‌కీపర్‌ని ముద్దుగా 'గోలీ' అంటారని తెలిశాక ఇల్లంతా ఒకటే నవ్వులు. పిల్లాడూ నవ్వాడు. కానీ ''ఇప్పుడు ఆడట్లేదులే'' అని మెల్లగా అనేసి వెలుపలికి వెళ్లిపోయాడు.

అసలు సంగతి వంటింట్లో కోడలు చెప్పింది. నవంబరులో ఓ మ్యాచ్‌లో వీడు ఎనిమిది గోల్స్ వదిలేశాడు. ఎవరూ ఒక్క మాటా అనలేదు. బట్టలు మార్చుకునే గదిలో తోటి పిల్లలెవరూ వీడితో మాట్లాడనూలేదు. ఇంటికొచ్చి కాళ్లకు కట్టుకునే ప్యాడ్లు, ముఖానికి పెట్టుకునే మాస్కు గ్యారేజీలో ఓ మూల పడేశాడు. మళ్లీ ముట్టుకోలేదు. మాస్టారు విన్నారు, ఏమీ అనలేదు.

ఆ రాత్రి చలి గట్టిగానే ఉంది. వాకిట్లో నెగడు వేశారు. పక్కింటాయన కంబళి కప్పుకుని వచ్చి కూర్చున్నాడు. ఆయన సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. కాఫీ గ్లాసులు చేతికొచ్చాక మాస్టారే కదిపారు... ''మీ ఆటలో అందరికన్నా గొప్ప గోల్‌కీపర్ ఎవర్రా?''

ఆడనన్నాడేగాని, ఆ మాట అడగ్గానే పిల్లాడి కళ్లు మెరిశాయి. ''డొమినిక్ హాషెక్'' అన్నాడు తడుముకోకుండా. చెక్ దేశస్థుడు. 1983లో అమెరికా, కెనడా క్లబ్బులు కలిసి ఆడే ఎన్‌హెచ్‌ఎల్ లీగ్‌కు ఆటగాళ్లను ఎంచుకున్నప్పుడు అతని పేరు వచ్చింది 199వ స్థానంలో! అక్కడ నిలదొక్కుకునేసరికి వయసు ముప్ఫైకి చేరువైంది. అయితేనేం, ఆ లీగ్‌లో ఉత్తమ గోల్‌కీపర్‌కిచ్చే వెజినా ట్రోఫీని ఆరుసార్లు అందుకున్నాడు. వందకు 92 షాట్లు ఆపిన లెక్క అతనిది. 1998లో జపాన్‌లోని నగానోలో జరిగిన ఒలింపిక్స్ సెమీఫైనల్లో కెనడావాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఐదుగురు వచ్చి పెనాల్టీ షాట్లు కొడితే ఐదూ ఆపేశాడు. ఫైనల్లో రష్యాకు ఒక్క గోలూ ఇవ్వకుండా దేశానికి బంగారు పతకం తెచ్చాడు.

''ఒక్కోసారి మెరిస్తే సరిపోదు'' అన్నాడు తండ్రి. ఆయన ఓటు మార్టిన్ బ్రోడర్‌కి. 691 విజయాలు. ప్రత్యర్థికి ఒక్క గోలూ ఇవ్వని మ్యాచ్‌లు 125. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఈ రెండు రికార్డులూ ఇప్పటికీ ఆయనవే. ''ఇరవై ఏళ్లు రోజూ ఆఫీసుకెళ్లినట్టు వెళ్లి పనిచేశాడు. అదిరా గొప్పంటే!''

పక్కింటాయన ఇదంతా విని గ్లాసు కింద పెట్టాడు. ''ఏటి మాస్టారూ, మన శంకర్ లక్ష్మణ్ పేరే ఎత్తరేటి?''

మంచు మీద ఆట కాస్తా అక్కడితో పచ్చిక మీదికి వచ్చేసింది. మధ్యప్రదేశ్‌లోని మౌలో పుట్టిన లక్ష్మణ్ కూడా సైనికుడే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టు 38 గోల్స్ కొట్టింది, ఒక్కటంటే ఒక్కటీ ఇవ్వలేదు. అప్పుడు గోలు కాసింది ఆయనే. ముఖానికి మాస్కు లేదు, తలకు హెల్మెట్ లేదు. ''ఐస్ హాకీలోనూ అప్పట్లో అంతే!'' అన్నాడు పిల్లాడు ఉత్సాహంగా. 1959 నవంబరు 1న న్యూయార్క్‌లో పక్ తగిలి జాక్ ప్లాంట్ ముఖం చీలింది. కుట్లు వేయించుకుని వచ్చి, మాస్కు లేకుండా మంచు మీద అడుగుపెట్టనని మొండికేశాడు. ఆ రోజునుంచే గోల్‌కీపర్ల ముఖాలకు మాస్కు అలవాటైంది.

''మరి పొడగరి తంగరాజో?'' అన్నారు మాస్టారు. పీటర్ తంగరాజ్ 1935లో హైదరాబాద్‌లో పుట్టాడు. సికింద్రాబాద్ క్లబ్బుల్లో మొదట గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడి, తర్వాత గోలు కాయడానికి వచ్చాడు. మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్ ఆడాడు. 1958లో ఆసియాలోకెల్లా ఉత్తమ గోల్‌కీపర్ అనిపించుకున్నాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మనవాళ్లు స్వర్ణం గెలిచినప్పుడు గోలు ముందు నిలబడింది ఆయనే.

వాదన ముదిరింది. ఏ ఆటలో గోలు కాయడం కష్టమన్న దగ్గర చిక్కుకుంది. పిల్లాడు పుల్ల పట్టుకుని నేలమీద మూడు గోలు స్తంభాల బొమ్మలు గీశాడు. ఫుట్‌బాల్ గోలు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8. హాకీకి 12 అడుగులు, 7. ఐస్ హాకీకి 6 అడుగులు, 4 అంతే. ''ఇంత చిన్నదైతే ఇంకేటి కష్టం, అడ్డంగా కూకుంటే సరి!'' అన్నాడు పక్కింటాయన. ఆ మాటకు పిల్లాడు ఊరుకుంటాడా? పక్ అంటే మూడంగుళాల గట్టి రబ్బరు బిళ్ల. గంటకు నూట యాభై కిలోమీటర్లు దాటిన వేగంతో వస్తుంది. ముందున్న ఆటగాళ్ల కాళ్ల మధ్యనుంచి వస్తే కనపడను కూడా కనపడదు. ''కనిపించాక కదిలితే అప్పటికే గోలైపోతుంది'' అన్నాడు. అలా అన్నాక ఎందుకో కాసేపు మాట్లాడలేదు.

''అందరూ మగవాళ్ల పేర్లే చెబుతున్నారు'' అంటూ కోడలు వచ్చి కూర్చుంది. ఆమెది చిత్తూరు. ఆ జిల్లా పల్లెటూరి నుంచి వెళ్లి దేశానికి గోలు కాసిన ఇ.రజని ఆమె అభిమాన క్రీడాకారిణి. సవితా పూనియా లాంటి మేటి గోల్‌కీపర్ జట్టులో ఉండటంతో, టోక్యో ఒలింపిక్స్‌లో రజని రిజర్వుగానే ఉండాల్సి వచ్చింది. అయినా సాధన మానలేదు. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన మహిళల హాకీ ఫైవ్స్ ప్రపంచకప్‌లో భారత జట్టుకు కెప్టెన్ ఆమే. జట్టు రజతం గెలిచింది. ''ఆడే అవకాశం రాకపోయినా రోజూ ప్యాడ్లు కట్టుకుని సిద్ధంగా ఉండటం గొప్ప కాదా?'' అందామె. ఎవరి దగ్గరా జవాబు లేదు.

మాస్టారు నెగట్లోకి మరో కట్టె తోశారు. ''గెలిచినవి అందరూ చెప్పారు. వీళ్లు ఎప్పుడు ఓడిపోయారో చెప్పండి చూద్దాం'' అన్నారు.

పక్కింటాయన తలవంచుకుని చెప్పాడు. 1960 రోమ్ ఫైనల్లో పాకిస్థాన్ చేతిలో 0-1తో ఓడాం. ఒలింపిక్ హాకీలో మనకు అదే తొలి ఓటమి. గోలు ముందున్నది లక్ష్మణే. నాలుగేళ్ల తర్వాత టోక్యోలో అదే పాకిస్థాన్‌తో ఫైనల్. ఈసారి 1-0 మనది. అప్పుడూ గోలు ముందున్నది లక్ష్మణే.

పిల్లాడికీ ఒకటి గుర్తొచ్చింది. ప్యాట్రిక్ రాయ్. 1995 డిసెంబరు 2న మాంట్రియల్ తరఫున ఆడుతూ డెట్రాయిట్‌కు ఏకంగా తొమ్మిది గోల్స్ ఇచ్చేశాడు. సొంత అభిమానులే ఎగతాళిగా చప్పట్లు కొట్టారు. రోజుల్లోనే జట్టు మారాడు. తర్వాతి వేసవిలో కొలరాడోకు స్టాన్లీ కప్ గెలిపించాడు.

''తొమ్మిదే!'' అన్నారు మాస్టారు. మనవడు ఆయన వంక అనుమానంగా చూశాడు. అమ్మ చెప్పేసిందని అర్థమైనట్టుంది. అయినా ఆగలేదు. ''ఇంకొకాయన ఉన్నాడు తాతయ్యా, త్రెతియాక్ అని...''

సోవియట్ జట్టు గోల్‌కీపర్ వ్లదిస్లావ్ త్రెతియాక్. 1980లో లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో అమెరికా కుర్రాళ్లతో మ్యాచ్. మొదటి పీరియడ్ అయ్యేసరికి స్కోరు 2-2. రెండో గోలు ఆఖరి క్షణంలో పడింది. కోచ్ తిఖొనోవ్‌కు కోపమొచ్చి త్రెతియాక్‌ను కూర్చోబెట్టేశాడు. ప్రపంచంలోకెల్లా మేటి అనుకున్నవాడు మిగతా ఆటంతా బల్లమీదనుంచే చూశాడు. జట్టు 3-4తో ఓడిపోయింది. అతన్ని తీసేయడం తను చేసిన పెద్ద పొరపాటని ఆ కోచే తర్వాత ఒప్పుకున్నాడు. త్రెతియాక్ మాత్రం ఆడటం మానలేదు. 1984లో సరయెవోలో చెకొస్లవేకియాతో ఆఖరి మ్యాచ్‌లో ఒక్క గోలూ ఇవ్వలేదు. 2-0తో గెలిచి, మూడో ఒలింపిక్ స్వర్ణం మెడలో వేసుకున్నాకే రిటైరయ్యాడు.

కథ చెప్పేసి పిల్లాడు తాతయ్య వైపు చూశాడు. ఆయన నెగడు కేసి చూస్తున్నారు. చాలాసేపటికి గానీ నోరు విప్పలేదు.

''నేనూ ఆ పనే చేశాన్రా'' అన్నారు.

ఎప్పుడో తొంభైల్లో మాట. పాడేరులో బడుల మధ్య పోటీలు. ముసురు పట్టి మైదానమంతా బురద. మాస్టారి ఫుట్‌బాల్ జట్టుకు గోలు కాసేది తొమ్మిదో తరగతి కుర్రాడు. సగం ఆట కాకముందే రెండు గోల్స్ పడ్డాయి. మాస్టారు తిట్టలేదు. చేయెత్తి బయటికి రమ్మన్నారు, ఇంకొకణ్ని పంపారు. చివరికి నాలుగు గోల్స్‌తో ఓడారు. తీసేసినందువల్ల ఒరిగిందేమీ లేదు. మర్నాటి నుంచి ఆ కుర్రాడు గ్రౌండుకు రావడం మానేశాడు. కబురు పెడితే కాలు నొప్పన్నాడు. పిలిచి నాలుగు మాటలు చెబుదామని మాస్టారు అనుకుంటూనే ఉన్నారు. ఈలోగా బదిలీ అయిపోయింది.

''ఆ కోచ్ ఒప్పుకున్నాడు కదా. నేను ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు.''

''ఆయన ఎక్కడున్నారిప్పుడు?'' అడిగాడు మనవడు.

ఎక్కడో కాదు. సిల్వర్ ఓక్ చెట్ల నీడన ఎకరంన్నర కాఫీ తోట, దాని మీద మిరియాల తీగలు. సంతరోజున మిరియాలు అమ్మడానికి వస్తాడు. దారిలో కనిపిస్తే నమస్కారం పెడతాడు. మాస్టారు బాగున్నావా అంటారు. అంతే.

సంతరోజు తాతా మనవలిద్దరూ వెళ్లారు. పసుపు కొమ్ముల రాశులు, పిప్పళ్లు, కొండచీపుర్ల కట్టలు దాటుకుంటూ వెళ్తే ఓ మూల గోనెసంచి పరుచుకుని కూర్చుని ఉన్నాడతను. నలభయ్యయిదు దాటిన మనిషి. మాస్టార్ని చూసి గబుక్కున లేచాడు. మాస్టారు చాలా మాటలు అనుకుని వెళ్లారుగాని, బయటికొచ్చింది ఒక్కటే. ''ఆ రోజు పాడేరులో నిన్ను తీసెయ్యకుండా ఉండాల్సిందిరా.''

అతను గట్టిగా నవ్వేశాడు. ''అదెప్పుడో మర్చిపోయాను మాస్టారూ!''

తూనిక రాళ్లు సర్దుకున్నాడు. ఒకరికి పావుకిలో మిరియాలు తూచి ఇచ్చాడు. ఆ తర్వాత, ఎవరూ అడక్కుండానే అన్నాడు... ''మొదటి గోలు నా తప్పేనండి. ముందుకెళ్లకుండా ఉండాల్సింది. రెండోది మాత్రం బురదలో పడి బంతి జారిపోయింది.''

మాస్టారు తలూపారు. ''జారింది. నేనూ చూశాను.''

పిల్లాడు వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూశాడు. ''ఏ పక్కనుంచి వచ్చింది?'' అని అడిగాడు. అంతే, ఇద్దరూ గోనెసంచి పక్కన గొంతుక్కూర్చున్నారు. అతను వేలితో మట్టిలో గోలు గీశాడు, మిరియపు గింజను బంతి చేశాడు. ఇలా వస్తే అలా పడాలన్నాడు. కాదు, ముందు కాలు మడవాలన్నాడు వాడు. బేరానికి వచ్చినవాళ్లు కాసేపు నిలబడి చూసి వెళ్లిపోయారు. మాస్టారే సంచి దగ్గర కూర్చుని తూకం పట్టారు.

గొప్పవాడెవరన్నది ఆ సెలవుల్లో తేలలేదు. తిరుగు ప్రయాణంలో రైలు మొదటి సొరంగం దాటాక తండ్రి మళ్లీ కదిపాడు. ''ఏరా, ఇంతకీ హాషెకా, బ్రోడరా?''

''ఇంకా ఆలోచిస్తున్నా'' అన్నాడు వాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ, రెండో సొరంగం కూడా వెళ్లిపోయాక, అమ్మను అడిగాడు...

''గ్యారేజీలో నా ప్యాడ్లు ఉన్నాయా, ఎవరికైనా ఇచ్చేశావా?''