నెమలీక చెప్పే కరెంటు పాఠం

నెమలి... పక్షి కాదు, ఊరు! ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలో, తిరువూరుకు దగ్గర్లో ఉంటుంది. 2022లో కొత్త జిల్లాలు వచ్చేదాకా కృష్ణా జిల్లా కిందే ఉండేది. వేణుగోపాలస్వామి గుడి ఉండటంతో చుట్టుపక్కల జిల్లాల వాళ్లకూ ఈ ఊరు తెలుసు. స్వామి తలపై పింఛం, ఊరి పేరు నెమలి... భలే కుదిరింది కదూ! దర్శనం అయ్యాక పిల్లలతో కలిసి ఇబ్రహీంపట్నం దాకా ఓ ప్రయాణం పెట్టుకోండి. కరెంటు ఎలా పుడుతుందో, ఎక్కణ్నుంచి ఇంటికొస్తుందో దారిపొడవునా చెప్పుకోవచ్చు.

ముందుగా నెమలీక. పుస్తకంలో దాచి, పిల్లలు పెడుతుందని ఎదురుచూడనివాళ్లు మనలో ఎవరున్నారు? ఆ ఈకతోనే తొలి ప్రయోగం. నూనె రాయని జుట్టును ప్లాస్టిక్ దువ్వెనతో పదిసార్లు గట్టిగా దువ్వండి. వెంటనే దాన్ని ఈక పోగుల దగ్గరకు తీసుకెళ్లండి. తాకకుండానే పోగులు దువ్వెనవైపు వంగుతాయి. రాపిడికి జుట్టులోని ఎలక్ట్రాన్లు కొన్ని దువ్వెనకు చేరడమే ఈ మాయకు కారణం. ముసురు పట్టిన రోజు చేస్తే మాత్రం పారదు. తేమ ఉంటే ఆ విద్యుత్తు నిలవదు మరి.

మేకు అయస్కాంతమైన వేళ

నెమలి నుంచి తిరువూరు వెళ్దాం. బోర్ల మీద సేద్యం చేసే ప్రాంతాల్లో మోటార్లు కాలడం మామూలే. అలాంటి మోటార్లకు తీగ చుట్టే వైండింగ్ షాపులో బారెడు సన్న రాగితీగ అడగండి. దాన్ని నాలుగంగుళాల ఇనుప మేకుకు 50 చుట్లు చుట్టండి. తీగపై వార్నిష్ పూత ఉంటుంది కాబట్టి రెండు చివర్లనూ గరుకు కాగితంతో రుద్దాలి. ఆ చివర్లను 1.5 వోల్టుల టార్చి బ్యాటరీకి తాకిస్తే మేకు గుండుసూదుల్ని లాగేస్తుంది. తీగ తీస్తే చాలా సూదులు జారిపోతాయి. చుట్లు పెంచి చూడండి, ఇంకా ఎక్కువ సూదులు అంటుకుంటాయి. తీగ వేడెక్కుతుంది కాబట్టి రెండు మూడు క్షణాలకు మించి పట్టుకోకూడదు.

కరెంటుకూ అయస్కాంతానికీ చుట్టరికం ఉందని 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఆయర్‌స్టెడ్ గమనించాడు. తీగలో కరెంటు పారగానే పక్కనున్న దిక్సూచి ముల్లు కదిలింది. మరి అయస్కాంతం నుంచి కరెంటు వస్తుందా? వస్తుందని 1831లో మైకేల్ ఫారడే చూపించాడు. ఆయన కమ్మరి కొడుకు. పుస్తకాలు బైండింగు చేసే చోట పనిచేస్తూ, వాటినే చదువుతూ శాస్త్రవేత్త అయ్యాడు.

బొగ్గు తొక్కే సైకిలు

ఫారడే కనిపెట్టిందేమిటో తెలియాలంటే పాత సైకిలు డైనమో చాలు. చక్రం తిరిగితే లోపల తీగచుట్ట దగ్గర అయస్కాంతం తిరుగుతుంది, బల్బు వెలుగుతుంది. ఆపితే ఆరిపోతుంది. లైటు వెలుగుతుంటే తొక్కడం బరువవుతుందని సైకిలెక్కిన వాళ్లందరికీ తెలుసు. కరెంటు ఊరికే రాదు, దానికి బదులు మన కాళ్లు పనిచేయాలి.

తిరువూరు నుంచి మైలవరం మీదుగా ఇబ్రహీంపట్నం వస్తే థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. లోపలికెళ్లాలంటే అనుమతి కావాలి. 1979లో 210 మెగావాట్ల యూనిట్‌తో మొదలైన ఈ కేంద్రానికి నార్ల తాతారావు పేరు పెట్టారు. ఇక్కడ సైకిలు తొక్కేది బొగ్గే! అది మండితే నీళ్లు ఆవిరవుతాయి, ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది. దాంతోపాటు విద్యుదయస్కాంతం రాగి చుట్టల మధ్య నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుంది. మేకుతో చేసిన అయస్కాంతానికి, సైకిలు డైనమోకు ఇది పెద్దన్న! ఇక్కడ పుట్టిన కరెంటు పెద్ద లైన్లు, సబ్‌స్టేషన్లు దాటి 11 వేల వోల్టుల తీగల మీద పల్లెకు చేరుతుంది. అక్కడి ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 230 వోల్టులకు దించి ఇంటికిస్తుంది.

మార్కుల కోసం కాదు

ఇవన్నీ బడి పుస్తకాల్లో ఉన్నవే. కానీ బొమ్మ గీసి, భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకున్న పిల్లల్లో ఎందరు తీగ చుట్టి చూశారు? పల్లెల్లో ఇది మార్కులతో పోయే విషయం కాదు. ఫ్యూజు పోతే లావు తీగ కట్టేయడం, స్తంభం మీది తీగను కర్రతో తగిలించడం, తడిచేత్తో స్టార్టరు ముట్టుకోవడం... ఈ అలవాట్లు ఎన్ని ఇళ్లలో దీపం ఆర్పాయో!

అందుకే ప్రయోగాలన్నీ టార్చి బ్యాటరీతోనే చేయించండి. గోడ ప్లగ్గు జోలికి వెళ్లనివ్వొద్దు. 1.5 వోల్టులకే తీగ ఎంత వేడెక్కిందో చేత్తో చూసిన పిల్లలకు 230 వోల్టులంటే ఏమిటో విడమరిచి చెప్పడం తేలిక. రేపు పొలంలో మోటారు దగ్గర తడిచేత్తో నిలబడ్డ తండ్రిని ‘ఆగు నాన్నా, ముందు మెయిన్ ఆపు’ అని ఆ పిల్లో పిల్లాడో వారించగలిగితే... పాఠం వచ్చినట్టే!