మత్తు - పరుల హక్కు

ఇషా నమాజు ముగించి వస్తూ, నారాయణగూడలో పోలీసుల రాత్రి తనిఖీని చూస్తుంటాను. పరిచయస్థుడైన ఒక అధికారి ఒకనాడు ఇలా అన్నారు: "మౌలానా గారూ, తాగి నడిపేవాడు మొదట బతిమాలుతాడు, తరువాత పలుకుబడి చూపుతాడు. మేము వాదించం, బ్రీత్ అనలైజర్‌లో ఊదమంటాం. కౌన్సెలింగ్‌కు ఇంటివారిని వెంటబెట్టుకొని రమ్మంటే మాత్రం తల దించుకుంటాడు."

100 మిల్లీలీటర్ల రక్తంలో మద్యం 30 మిల్లీగ్రాములు మించితే నేరం. మొదటిసారికే 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

ధర్మశాస్త్రం కాపాడే ఐదింటిలో ప్రాణం, బుద్ధి, సంపద ఉన్నాయని ఇమామ్ గజాలీ వివరించారు. మత్తులో వాహనం నడిపేవాడు ఈ మూడింటినీ పణంగా పెడతాడు. తాగిన పాపానికి అల్లాహ్ సన్నిధిలో తౌబా ఉంది. కాని దాసుల హక్కును హక్కుదారుడే క్షమించాలి. రోడ్డుపై ప్రాణం విడిచిన బాటసారిని క్షమాపణ ఎక్కడ అడగగలం?