లామాల కొండ మీద మాస్టారి రక్తపుపోటు

లామా అనగానే మనకు దలైలామా గుర్తుకొస్తారు. లామాల దగ్గర ధ్యాన శిబిరం అంటే టిబెట్టు సన్యాసుల మఠం కాబోలు అనుకుంటాం. నేను చెప్పబోయే లామాలు నాలుగు కాళ్ళవి. ఒంటెకు దగ్గర చుట్టాలు. మూపురం ఉండదు. ఒంటినిండా ఉన్ని, అరటికాయల్లా వంగిన చెవులు. ఆరోగ్య శీర్షికలో ఈ జంతువుల గొడవ ఏమిటని విసుక్కోకండి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళివచ్చే తల్లిదండ్రులు ఇప్పుడు మన వీధి వీధిలోనూ ఉన్నారు. ఈ మాటలు ముఖ్యంగా వారికోసం.

కొలరాడో రాష్ట్రంలోని డెన్వరు నగరం సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తున, అంటే సరిగ్గా ఒక మైలు ఎత్తున ఉంది. సెలవు పెట్టి మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, అక్కడినుంచి పడమరగా రాకీ పర్వతాల్లోకి గంటన్నర కారులో వెళ్ళి ఒక లామాల ఫారం చూశాను. అది సుమారు 8,500 అడుగుల ఎత్తున ఉంది. మన ఊటీ కన్నా వెయ్యి అడుగులు పైన అన్నమాట.

ఈ జంతువు సొంత ఊరు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలని పుస్తకాల్లో చదువుకున్నాం. కాని ఒంటె జాతి మొదట పుట్టింది ఉత్తర అమెరికాలోనే. సుమారు ముప్పై లక్షల ఏళ్ళ కిందట కొన్ని దక్షిణానికి వలసపోయాయి. మిగిలినవి ఇక్కడ అంతరించాయి. దక్షిణాన ఉన్నవాటిని కొండజనం మచ్చిక చేసి వేల ఏళ్ళుగా బరువులు మోయించారు. ఇరవయ్యో శతాబ్దంలో వాటిని మళ్ళీ ఇక్కడికి తెచ్చారు. చాలాకాలానికి ఆడపడుచు పుట్టింటికి వచ్చినట్టే!

ఆ ఫారంలో జీతగాళ్ళు ఇద్దరే. మిగతా పనంతా స్వచ్ఛంద సేవకులది. రిటైరయిన నర్సు ఒకామె, భార్య పోయిన పోస్టుమాన్ ఒకాయన, కాలేజీ పిల్లలు నలుగురయిదుగురు. పొద్దున్నే వచ్చి ఎండుగడ్డి వేస్తారు, తొట్లు కడుగుతారు, పేడ ఎత్తుతారు. లామాలు ఎక్కడపడితే అక్కడ పేడ వేయవు. మందంతా ఒకేచోటికి వెళ్తుంది. ఈ శుభ్రత మన బస్టాండుల్లో మనుషులకు వస్తే మా ఆసుపత్రిలో సగం పని తగ్గును.

తరువాత వచ్చినవారి చేతికి ఒక్కొక్క లామా తాడు ఇచ్చి చెట్లమధ్య మైలు దూరం నడిపిస్తారు. మాట్లాడకూడదు. పైన దుంగలమీద కూచుని అరగంట కళ్ళు మూసుకుని ఊపిరిమీద మనసు నిలపాలి. పక్కనే లామా సన్నగా మూలిగినట్టు శబ్దం చేస్తూ ఉంటుంది. భజన లేదు, పటం లేదు, దక్షిణ మాత్రం ఉంది. దీన్ని ఆధ్యాత్మికం అనాలా, వ్యాయామం అనాలా అని అడిగితే వైద్యుడిగా నాకు రెండూ సమ్మతమే. ఒళ్ళు వంచి పనిచేయడం, నలుగురితో కలవడం, కాసేపు నోరు మూసుకోవడం ఎవరికైనా మంచివే. తిరుమలలో 2000 సంవత్సరంనుంచి శ్రీవారి సేవకులు జీతం లేకుండా చేస్తున్న పనిలోనూ ఈ సుఖం ఉంది. అయితే లామా కళ్ళలోకి చూస్తే జబ్బు లాగేస్తుందని అక్కడి కార్యకర్త ఒకామె చెప్పింది. అది నేను ఒప్పుకోను.

ఒప్పుకోకపోవడానికి కారణం ఆ రోజే కళ్ళముందు కనిపించింది. సేవకుల్లో మన గుంటూరు జిల్లా పెద్దమనిషి ఒకరున్నారు, రిటైరయిన లెక్కల మాస్టారు. కొడుకు దగ్గరికి వచ్చి నాలుగు నెలలయింది. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు పోతే ఇంట్లో ఆయనా టీవీనూ. పక్కింటి అమెరికన్ ముసలావిడ వారానికి రెండుసార్లు కారులో ఇక్కడికి తీసుకొస్తుంది. ఒక గోధుమరంగు లామాను "ఒరేయ్ బుడ్డోడా" అని పిలుస్తూ దానికి ఊరి కబుర్లన్నీ చెబుతున్నారు. "ఇది ఎదురు చెప్పదండీ" అన్నారు నాతో.

మాటల్లో తలనొప్పిగా ఉందన్నారు. ఎత్తువల్ల కావచ్చు. అయినా అడిగాను.

"మాస్టారూ, బి.పి. మాత్రలు వేసుకుంటున్నారా?"

"అవసరం లేదు డాక్టరుగారూ! ఇక్కడ ధ్యానంతో అదే సర్దుకుంది."

నర్సమ్మ దగ్గర బి.పి. మిషను ఉంటే తెప్పించి, అయిదు నిమిషాలు కూచోబెట్టి రెండుసార్లు చూశాను. 190, 110. మెల్లగా అడిగితే అసలు సంగతి బయటపడింది. తెచ్చుకున్న మూడు నెలల మాత్రలు అయిపోయాయి. ఇక్కడ డాక్టరును చూడాలంటే వందల డాలర్లని ఎవరో చెప్పారు. అబ్బాయికి ఖర్చెందుకని దాచారు. ధ్యానం ఆ దాపరికానికి ఒక ముసుగు. అప్పుడే కొడుక్కి ఫోను చేయించాను. అతను ఆఫీసునుంచి నేరుగా వచ్చి ఆ సాయంత్రమే క్లినిక్కుకు తీసుకెళ్ళాడు. మాత్రల ఖరీదు నెలకు కొద్ది డాలర్లేనని తేలింది. డాక్టరు ఫీజే బరువు. తండ్రి నెలరోజులుగా దాచాడన్న బాధ ముందు ఆ ఫీజు అతనికి ఒక లెక్కలోకి రాలేదు.

అందుచేత మీరు వెళ్ళేటప్పుడు ఉండే రోజులకు సరిపడా మాత్రలు, పైన ఒక నెలకు అదనంగా, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోండి. చీటీమీద కంపెనీ పేరు కాక మందు అసలు పేరు, ఉదాహరణకు ఆమ్లోడిపిన్ అని రాయించుకోండి. మన కంపెనీ పేర్లు అక్కడి షాపుల్లో తెలియవు. బీమా పాలసీలో పాత జబ్బులకు ఏమిస్తారో పిల్లలచేత చదివించుకోండి. మనోవ్యాధికి మందు వాడేవారు ధ్యానం కుదిరిందని మాత్ర మానరాదు. హఠాత్తుగా మానితే గుండెకే ముప్పు తెచ్చే బి.పి. మాత్రలు కొన్ని ఉన్నాయి.

ఇక ఎత్తు సంగతి. 8,500 అడుగుల దగ్గర మనకు అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదానిలో మూడువంతులే. లామా రక్తంలోని ఎర్రకణాలు చిన్నవిగా, కోలగా ఉంటాయి. వాటిలోని హిమోగ్లోబిన్ పలచని గాలిలోనూ ప్రాణవాయువును గట్టిగా పట్టుకుంటుంది. విజయవాడనుంచి దిగిన మనకు ఆ వసతి లేదు. కొలరాడో కొండలకు వచ్చిన యాత్రికులమీద 1993లో ప్రచురితమైన పరిశీలనలో దాదాపు నాలుగోవంతు మందికి ఎత్తు జబ్బు కనిపించింది. తలనొప్పి, వికారం, నిద్రలేమి దాని లక్షణాలు. డెన్వరులో రెండు మూడు రోజులుండి పైకి వెళ్ళండి. మొదటిరోజు గడ్డిమోపులు ఎత్తకండి. కూచున్నా ఆయాసం వస్తున్నా, నడక తూలుతున్నా "రేపు చూద్దాం" అనక వెంటనే కిందికి దిగి వైద్యుని చూడాలి. గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, రక్తహీనత ఉన్నవారు బయలుదేరేముందే డాక్టరును అడగాలి. చక్కెర వ్యాధికి మందు వాడేవారు జేబులో గ్లూకోజు బిళ్ళలుంచుకోవాలి. అలవాటులేని శ్రమకు చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు.

గడ్డి దుమ్ము ఉబ్బసం ఉన్నవారికి పడదు. ధనుర్వాతం ఇంజెక్షను గడువు చూసుకోండి. పేడ ముట్టాక సబ్బుతో చేతులు కడగనిదే మురుకులపొట్లం విప్పకండి. గర్భిణులు ఈనుతున్న జంతువు దగ్గరికి పోరాదు. ఇంకొక సంగతి. విజిటరు వీసామీద వెళ్ళినవారు భోజనం, వసతికి బదులుగానైనా పని ఒప్పుకోకూడదు. మాస్టారు తన టిఫిను డబ్బా తనే తెచ్చుకునేవారు.

లామా చెవులు వెనక్కి వాల్చి తల పైకెత్తిందంటే ఉమ్మబోతోందని అర్థం. పొట్టలోంచి వచ్చే ఆ పచ్చని రసం ప్రమాదకరం కాదుగాని, కంపు రెండు ఉతుకుల దాకా వదలదు. పట్టుచీరతో మాత్రం వెళ్ళకండి.