నాన్న సాగా కారు

నాన్న ప్రోటాన్ సాగా అమ్మేశాం. మలేసియా సొంత బ్రాండులో మొదటి కారు అదే, 1985 జూలై 9న వచ్చింది. ఇంజను మాత్రం మిత్సుబిషిదే లెండి! సుంగై సుమున్‌లో పామాయిల్ లారీల దుమ్ము ఎక్కువ. నాన్న రోజూ తుడిచేవారు. రంగు మళ్ళీ వేయించలేదు.

కొనడానికి వచ్చినాయన "అంతా ఒరిజినలేనా?" అన్నారు. తెలుగులో ఏమంటారని అమ్మను అడిగాను. "అసలుది" అంది. అప్పులో వడ్డీ కానిది కూడా అసలేనట. మీ ఇంట్లో ఏమంటారు?

పుస్పాకామ్ తనిఖీ అయింది. జాకీ, పాత రేడియో, రెండు తాళాలు ఇచ్చేశాను. డాష్‌బోర్డు మీద అమ్మ అంటించిన వెంకటేశ్వరస్వామి బొమ్మ కంపెనీది కాదు కదా, తీసేయమన్నారు. అమ్మ గోటితో మెల్లగా తీసి పర్సులో పెట్టుకుంది. బొమ్మ ఉన్నచోట డాష్‌బోర్డు ఇంకా నల్లగా, కొత్తదిలా ఉంది.