పెద్దమ్మ చేలో దిగిన గొడుగు

ఈ చలికాలం దేవరకొండ వైపు ప్రయాణం పెట్టుకుంటే తెల్లవారుజామునే బయలుదేరండి. హైదరాబాదు నుంచి ఇబ్రహీంపట్నం, మాల్ దాటేసరికి ఎండ ఇంకా లేతగానే ఉంటుంది. రోడ్డుకిరువైపులా ఎవరో పేర్చిపెట్టినట్టుండే గుండ్ల గుట్టలు, పత్తిచేలు, నడుమ నడుమ బత్తాయి తోటలు. పైన మబ్బు తునక ఉండదు. అంత ఆకాశం పట్నంలో మనకెక్కడిది!

ఆ ఆకాశంలోంచే, మా చిన్నప్పుడు, పెద్దమ్మ వాళ్ల ఆముదపు చేలో ఒక పెట్టె దిగింది. పైన రంగుగుడ్డ గొడుగు, కాస్త దూరంలో కుప్పగా పడిన పల్చటి ప్లాస్టిక్ కాగితం. ఊరంతా భయపడితే పెద్దమ్మ మాత్రం ఆ కాగితం మడిచి ఇంటికి తెచ్చుకుంది. "గదేందో నాకేమెరుక బిడ్డా, మిరపకాయలు కప్పెతందుకు మంచిగుండె" అని ఇప్పటికీ నవ్వుతుంది. పెట్టెను మాత్రం మా అన్నలు పగలగొట్టారు. లోపల నల్లకాగితంలో చుట్టిన పలకలుంటే విప్పి ఎండలో పెట్టి చూశారు.

కెమెరా రీలు వెలుతురులో తెరిస్తే ఏమవుతుందో మీకు తెలుసు కదా? అదే అయింది.

ఆకాశం నుంచి కాస్మిక్ కిరణాలు ఎప్పుడూ కురుస్తూనే ఉంటాయి. నిజానికవి కిరణాలు కావు, మహావేగంతో వచ్చే సూక్ష్మ కణాలు. పైనున్న గాలిని ఢీకొని, కాగిన నూనెలో ఆవాలు చిట్లినట్టు చిట్లిపోతాయి. మన దాకా వచ్చేది ఆ చిటపటల్లో మిగిలిందే. అదైనా సుమారు సెకనుకొకటి మీ అరచేతిలోంచి దూసుకుపోతూనే ఉంటుంది! అసలు ఢీకొనడం చూడాలంటే పైకి వెళ్లాలి. కొండెక్కాలి.

మన జిల్లాల్లో అంత కొండ ఏది? మహబూబ్‌నగర్ పాత జిల్లాలో, 2016 తర్వాత నాగర్‌కర్నూల్‌లో చేరిన నల్లమల మీద, ఫర్హాబాద్ దగ్గర నిలబడ్డా వెయ్యి మీటర్లు లేదు. (చూడదగ్గ చోటే, అది వేరే సంగతి.) అందుకని శాస్త్రజ్ఞులు బెలూన్‌నే కొండ చేసుకున్నారు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారు 1969లో హైదరాబాదులో, ఈసీఐఎల్ దగ్గర, బెలూన్ కేంద్రం పెట్టారు. బెలూన్లు 30 కిలోమీటర్లు దాటి వెళతాయి. ఎవరెస్టుకు మూడింతలకు పైనే! గాలిలో నూటికి 99 వంతులు కిందే ఉండిపోతుంది. పైగా భూమి అయస్కాంతశక్తి ఇక్కడ బలహీనమైన కణాలను పక్కకు నెట్టేస్తుంది. పెద్దింటి వాళ్లకే గేటు తీసినట్టు, మహాశక్తి ఉన్నవే లోపలికొస్తాయి. హైదరాబాదును ఎంచుకోవడంలో ఈ లాభం ఉంది.

బెలూన్లకు ముందు, నిజంగా కొండెక్కిన ఒకావిడ గురించి చెప్పాలి. బిభా చౌధురి. కలకత్తాలో తన గురువు డి.ఎం. బోస్‌తో కలిసి డార్జిలింగులోనూ, 3,600 మీటర్ల ఎత్తున్న సందక్‌ఫూలోనూ ఫొటో పలకలు నెలల తరబడి ఉంచింది. తర్వాత మైక్రోస్కోపులో, ముగ్గు గీతల్లాంటి జాడలు వెతికి కొలిచింది. కొత్త కణం జాడ దొరికిందని 1940ల మొదట్లో 'నేచర్' పత్రికలో వాళ్ల వ్యాసాలు వచ్చాయి. కాని యుద్ధం రోజులు, మంచి రకం పలకలు దొరకలేదు. 1947లో బ్రిస్టల్‌లో పావెల్ బృందం మెరుగైన పలకలతో పై-మెసాన్‌ను తేల్చింది. పావెల్‌కు 1950లో నోబెల్ వచ్చింది. ఆ బృందంలోనూ కళ్లు కాయలు కాచేలా జాడలు వెతికింది చాలావరకు ఆడవాళ్లే. బిభా 1991లో పోయింది. 2019లో ఒక నక్షత్రానికి ఆమె పేరు పెట్టారు. బతికుండగా ఎవరూ పట్టించుకోలేదు, నాకు అదే కష్టంగా ఉంటుంది.

పలకల విలువ తెలిశాక మా అన్నల పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మర్నాడు జీపులో వచ్చినవాళ్లు ఎవర్నీ తిట్టలేదట. ఒకాయన గట్టుమీద కూర్చుని, పాడైన పలకలు ఒక్కొక్కటే ఏరి సంచీలో వేసుకున్నాడట. పెద్దమ్మ మజ్జిగ ఇస్తే తాగాడట.

2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో పెద్ద బెలూన్ సరంజామా దిగితే జనం గ్రహాంతరవాసులేమో అనుకున్నారు. మీ చేలో అలాంటిది పడితే పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి. కొన్నిట్లో హై వోల్టేజి కరెంటు ఉంటుంది. పెట్టెమీద రాసిన చోటికో, పోలీసు స్టేషనుకో కబురు చేయండి. ముట్టకుండా అప్పగిస్తే బహుమానం కూడా ఇస్తారు.

పెద్దమ్మకు ఎనభై దాటాయి. ఆ కాగితం ఎప్పుడో చినిగిపోయింది. గొడుగు తాడు ముక్క మాత్రం దండెంగా ఇంకా పెరట్లో ఉంది.